కతకానా తలకెక్కట్లేదు, కార్డులు మానేయాలా?

శ్రీసిటీ_సీను
శ్రీసిటీలో ఒక జపాన్ కంపెనీ ప్లాంటులో మెయింటెనెన్స్ చూస్తాను. ఈమధ్య వచ్చిన మెషిన్ల ప్యానెళ్ళ మీద సగం కతకానాయే, అదే జపనీస్‌లో పరాయి మాటలు రాసే లిపి. డిసెంబర్‌లో ఎన్5, అంటే జపనీస్ భాషా పరీక్షల్లో మొదటి మెట్టు, రాయమని పైవాళ్ళు చెప్పారు. ఫోన్లో ఆంకీ అని, కార్డులు చూపించి అడిగే యాప్ వేసుకుని మూడు నెలలైంది. వాళ్ళ మామూలు లిపి హిరగానా ఎలాగో ఈడ్చుకొచ్చాను. కతకానా మాత్రం పొద్దున చదివితే సాయంత్రానికి ఉండట్లేదు. షి, త్సు, సొ, న్ నాలుగూ నా కంటికి ఒకే అక్షరం.

మొన్న ఒక ప్యానెల్ మీద 'సెన్సా' అని ఉంది. అంటే సెన్సరే. నేను 'సెసోసా' అని చదివి, ఇదేం పార్టురా బాబూ అని మాన్యువల్‌లో అరగంట వెతికాను. పక్కనున్న ట్రైనీ కుర్రాడు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వాడు. నాకు 41 ఏళ్ళు.

నేను దింపుకున్న కార్డుల్లో బొమ్మలున్నాయి గానీ అన్నీ ఇంగ్లీషు గుర్తులు. 'కె' అంటే సారా పీపా అట, ఇంగ్లీషులో దాన్ని 'కెగ్' అంటారట. ఆ మాట నేను జన్మలో వినలేదు. ఆ మాట గుర్తుండటానికి ఇంకో కార్డు చేసుకోవాలి. ప్రస్తుతం యాప్ 640 కార్డులు బాకీ చూపిస్తోంది. తెరవాలంటేనే టెన్షన్. మానేసి వేరే దారి చూసుకోనా?

పలక_బలపం
మానేయండి. ఓనమాలు మనం కార్డులతో నేర్చుకున్నామా? పలక మీద అ రాసిచ్చి దిద్దమన్నారు, దిద్దాం, వచ్చింది. నేను రూళ్ళ నోటుబుక్కు కొని ఒక్కో అక్షరం 50 సార్లు రాశాను. రెండు వారాల్లో రెండు లిపులూ అయిపోయాయి. బొమ్మలూ కథలూ అన్నీ చిన్నపిల్లల వ్యవహారం.

కార్డుల_కామేశం
@పలక_బలపం 50 సార్లు రాస్తే ఐదోసారి నుంచి చెయ్యి రాస్తుంటుంది, బుర్ర టీవీ సీరియల్ చూస్తుంటుంది. ఓనమాలు అందుకే వచ్చాయనుకుంటున్నారా? అప్పటికే మనకు మాటలు వచ్చు. గోడ మీద, బస్సు మీద, చాక్లెట్ కాగితం మీద రోజూ ఆ అక్షరాలే కనపడేవి.

సీను గారూ, తప్పు కార్డులది కాదు, మీరు పెట్టుకున్న లెక్కది. రోజుకు 20 కొత్త కార్డులని ఆ యాప్‌లో ముందే పెట్టి ఉంటుంది. ఎవరూ మార్చరు. ఒక వారం ప్లాంటులో షట్‌డౌన్ పని పడిందనుకోండి, బాకీ కొండలా పెరుగుతుంది. వడ్డీ వ్యాపారి దగ్గర అప్పు చేసినట్టే. దాన్ని 5కి దించండి. అసలు అక్షరాల కార్డులు వేరు, మాటల కార్డులు వేరు చేయండి. హిరగానా 46, కతకానా 46. మొత్తం 92కి మీకు 640 బాకీ ఎలా వచ్చింది? ఎవరో చేసిన మాటల డెక్కు, అదే కార్డుల కట్ట, మొత్తం దింపుకున్నారు, అవునా?

శ్రీసిటీ_సీను
అవునండీ. 'ఎన్5 సంపూర్ణం' అని ఉంటే దింపేశాను.

మిరపబజ్జీ
'సంపూర్ణం' అని ఉన్నవి నేను వ్రతకథల పుస్తకం తప్ప ఏదీ కొనను.

కార్డుల_కామేశం
ఇంకో మాట. ఒకే కార్డు 8 సార్లు మర్చిపోతే ఆంకీ దానికి 'జలగ' అని పేరుపెడుతుంది, సెట్టింగును బట్టి పక్కన పడేస్తుంది కూడా. వాళ్ళు నిజంగానే ఆ పేరే పెట్టారు. మీ షి, త్సు ఈపాటికి జలగలై ఉంటాయి. అంటే మీకు కనపడటమే మానేసి ఉంటాయి. ఒకసారి వెతికి చూడండి.

శ్రీసిటీ_సీను
చూశాను. షి, త్సు, సొ, న్, వ ఇవి నాలుగు రోజులుగా కనపడట్లేదు, వచ్చేశాయి కాబోలు అని సంతోషిస్తున్నాను. ఐదూ జలగలే.

మిరపబజ్జీ
ఉప్పు చల్లండి.

చిలకపలుకు
ఇంగ్లీషు బొమ్మలు తీసేసి మీ సొంతవి పెట్టుకోండి అన్నా. నేను మొత్తం హిరగానా తెలుగు మాటలతోనే పట్టాను. కొన్ని చెప్తాను.

'ఇ' రెండు నిలువు గీతలు కదా. ఇద్దరు పక్కపక్కన కూర్చున్నారు. ఇద్దరు, ఇ. 'కు' చూడండి, నోరు తెరిచిన పక్షి ముక్కు. కోయిల 'కూ' అంటోంది. 'హి' వెడల్పుగా నవ్వే నోరు, హిహిహి. 'ని' నిచ్చెన. 'రి' జడకు కట్టిన రిబ్బన్ కొసలు రెండూ కిందికి వేలాడుతుంటాయి. 'తె' తేలు కొండి వంకర. 'క' గాల్లోకి లేచిన కాలు, పైన ఉన్న చిన్న గీత అది తన్నిన బంతి.

ఇక నన్ను ఏడిపించినవి రు, రొ. రెండూ ఒకేలా ఉంటాయి, రు చివర చిన్న సున్నా చుట్టుకుంటుంది, రొ చివర అది ఉండదు. రు అంటే చేతిలో రూపాయి ఉంది. రొ అంటే రూపాయి పోయి రోడ్డున పడ్డాడు. ఇది పెట్టుకున్నాక ఒక్కసారి కూడా తప్పలేదు.

పలక_బలపం
నిచ్చెనకు రెండు కాళ్ళుంటాయి. ఆ 'ని'కి ఒకటే.

చిలకపలుకు
ఇంకో కాలు గోడలో ఉంది అనుకోండి. కాలు లేని నిచ్చెన అని మీరు ఎత్తిచూపారు కదా, ఇక ఈ జన్మలో మీరు దాన్ని మర్చిపోలేరు. దాని పనే అది.

తోకలేని_పిట్ట
రు/రొ బాగుంది, వాడుకుంటాను. నావి ఇవి: నె, రె, వ మూడూ ఎడమవైపు ఒకటే, కుడివైపు కొసలోనే తేడా. 'నె' చివర తోక చుట్టుకుంటుంది. జపనీస్‌లో పిల్లిని 'నెకో' అంటారు, అది తోక చుట్టుకుని కూర్చుంది. 'రె' కొస బయటికి విసురుతుంది, రెక్క. 'వ' కొస గుండ్రంగా లోపలికి తిరుగుతుంది, వంకాయ పొట్ట. 'ను', 'మె' కూడా అంతే. నులో చివర ముడి ఉంటుంది, నూలు ముడి. మెలో ఉండదు.

రిటైర్డ్_తెలుగు_మాస్టారు
బొమ్మలు సరే, ఆ పట్టిక వరుసను ఒకసారి పైకి చదివారా ఎవరైనా? అ, ఇ, ఉ, ఎ, ఒ. తర్వాత క, స, త, న, హ, మ, య, ర, వ. ఎక్కడో విన్నట్టు లేదూ? అది మన వర్ణమాల వరుసే. క వర్గం, చ వర్గం, త వర్గం, ప వర్గం, ఆ వెనుక య ర వ. ల లేదు, జపనీయులకు ఆ ధ్వని వేరుగా లేదు కనుక.

బౌద్ధ సన్యాసులు మంత్రాలు సరిగ్గా పలకడానికి 'సిద్ధం' అనే పాత భారతీయ లిపిలో సంస్కృత అక్షరక్రమం చదివేవారు. కూకై అనే ఆచార్యుడు 806లో చైనా నుంచి తిరిగి వస్తూ ఆ విద్య వెంట తెచ్చాడు. ఆ చదువు ప్రభావంతోనే ఈ వరుస ఏర్పడిందని భాషాశాస్త్రజ్ఞులు చెబుతారు.

ఇక్కడ ఒక చిక్కుముడి ఉంది. పక్కన రెండు చిన్న గీతలు పెడితే క కాస్తా గ అవుతుంది, త కాస్తా ద అవుతుంది. బాగానే ఉంది. కానీ 'హ'కు పెడితే 'బ' ఎందుకవుతుంది? గొంతులో పుట్టే హ, పెదవుల మీది బ ఎలా అవుతుంది? ఎందుకంటే పూర్వం అది హ కాదు, ప. అందుకే అది మన ప వర్గం స్థానంలో, న తర్వాత, మ ముందు కూర్చుంది. ప కు నాదం వస్తే బ. కాలక్రమంలో ఆ ప, ఫ అయి, హ అయింది. చిన్న సున్న పెడితే మళ్ళీ పాత ప పలుకుతుంది. ఈ ఒక్కటీ తెలిస్తే ఇలా గీతలూ సున్నా పెట్టి చేసే 25 అక్షరాలు బట్టీ పట్టాల్సిన పనిలేదు.

చిలకపలుకు
మాస్టారూ 🙏 రెండేళ్ళు జపనీస్ చదివాను, హ నుంచి బ ఎందుకొచ్చిందో ఎవరూ చెప్పలేదు. అడిగితే 'అది అంతే' అన్నారు.

శ్రీసిటీ_సీను
నిజంగానే ఇప్పుడు పైకి చదివి చూశాను. క చ ట త ప. ఒళ్ళు జలదరించింది. ఇన్నాళ్ళూ నేను దాన్ని ఎక్కాల్లాగా వరుసగా అప్పజెప్పేవాణ్ణి. మధ్యలోంచి 'మె' అడిగితే మాత్రం 'మ, మి, ము...' అని మొదటినుంచి లెక్కపెట్టుకోవాలి.

కార్డుల_కామేశం
వరుస పాటకు అదే జబ్బు. ఏ అక్షరం ఏ వర్గమో తెలియడానికి వరుస పనికొస్తుంది, చదవడానికి కాదు. కార్డులు కలిపేసి అడగటం అందుకే.

రిటైర్డ్_తెలుగు_మాస్టారు
ఒప్పుకుంటాను. ఇంకో రెండు సంగతులు చెప్పి ఊరుకుంటాను. ఆ 'న్' అక్షరం మన నిండుసున్న. తర్వాత వచ్చే హల్లును బట్టి పలుకు మారుతుంది. వార్తాపత్రికను రాయడం 'షిన్‌బున్', పలకడం 'షింబున్'. మనకు ఎవరూ నేర్పక్కర్లేదు. 'త్సు' కూడా అంతే. మిగతావాళ్ళు నాలుక మెలితిప్పుకుంటారు. మనం చుక్క, చుట్టం అన్నప్పుడు పలికే దంత్య చకారం అదే.

మిరపబజ్జీ
మా హిందీ రూమ్మేట్ 'సు' అంటాడు, 'చు' అంటాడు, మధ్యలో తుమ్ముతాడు. నేను చుట్టం అన్నట్టు అన్నానని టీచర్ క్లాసంతా నాతో చెప్పించింది. బతుకులో మొదటి ఫస్ట్ ర్యాంకు.

నైట్‌డ్యూటీ_నర్సు
మాది కరీంనగర్. ఇప్పుడు జపాన్‌ల సైతామాలో వృద్ధాశ్రమంలో పనిచేస్తున్న. అసలు ప్రశ్న షి, త్సు, సొ, న్ కదా, దానికి ఎవరూ జవాబు చెప్పలేదు.

సీను అన్నా, కార్డు మీద అక్షరం చూస్తే రాదు. గీత ఎక్కడ మొదలైందో చూడాలి. షిలో చిన్న గీతలు రెండూ ఎడమ పక్కకు, ఒకదాని కింద ఒకటి ఉంటాయి. పెద్ద గీత కిందినుంచి పైకి పోతది. త్సులో చిన్న గీతలు రెండూ పైన పక్కపక్కన ఉంటాయి. పెద్ద గీత పైనుంచి కిందికి దిగుతది. ఇప్పుడు మీకు వచ్చిన హిరగానా షి గుర్తు తెచ్చుకోండి. గాలం లెక్క ఎడమ పక్కన కిందికి దిగి కుడికి లేస్తది. కతకానా షి గీతల మీద పెన్సిల్‌తో అదే గాలం గీయండి, సరిగ్గా అతుకుతది. హిరగానా త్సు పైన అడ్డంగా పోయి కుడివైపు కిందికి వంగుతది. కతకానా త్సు మీద అదీ అతుకుతది. సొ, న్ కూడా ఇదే, చిన్న గీత ఒక్కటే ఉంటది. న్ కిందినుంచి పైకి, సొ పైనుంచి కిందికి.

హాస్టల్లో మేం ఆరుగురం. రాత్రి కరెంటు పోతే ఒకళ్ళ వీపు మీద ఒకళ్ళం వేలితో రాసి ఏ అక్షరమో చెప్పమనేటోళ్ళం. వీపు మీద బొమ్మ కనపడదు కదా, గీత పోయే దిక్కే తెలుస్తది. షి, త్సు నాకు అక్కడ విడిపోయాయి, పుస్తకంల కాదు.

పలక_బలపం
చూశారా. రాయాలి. నేను మొదటి పోస్టులో చెప్పిందే.

కార్డుల_కామేశం
మీరు 50 సార్లు అన్నారు, ఆమె దిక్కు అంటోంది. రెండూ ఒకటి కాదు. అయితే ఈ నాలుగింటికీ కార్డు కన్నా ఇదే మంచిదని ఒప్పుకుంటున్నాను. నా సలహా ఒక్కటే, ఒకే రోజు షి, త్సు రెండూ పెట్టుకోవద్దు. షి గట్టిపడ్డాక వారానికి త్సు తీయండి. రెండు కొత్తవి ఒకేసారి పెడితే ఒకదాన్నొకటి చెరుపుతాయి.

నైట్‌డ్యూటీ_నర్సు
నాకు ఉల్టా. పక్కపక్కన పెడితేనే తేడా కనపడ్డది. విడివిడిగా చదివితే రెండూ వచ్చినట్టే ఉంటది, కలిసి వచ్చిన రోజు మునిగేది. కవల పిల్లల్ని వేరువేరు రోజుల్లో చూస్తే ఎట్ల గుర్తుపడతరు?

ఇంకోటి. కార్డులో అచ్చు అక్షరం మాత్రమే చూసి ఇక్కడికి వస్తే దెబ్బ తింటరు. మా దగ్గర డ్యూటీ నోట్స్ చేత్తో రాస్తరు. అచ్చులో 'కి' కింది వంకర పైగీతతో కలిసి ఉంటది. చేత్తో రాస్తే అక్కడ తెగిపోతది. 'స' కూడా అంతే. మొదటి వారం ఒక అవ్వ భోజనం రాత చదవలేక ఇంకో నర్సును లేపాల్సి వచ్చింది.

నగోయా_వంశీ
కార్డులు జపాన్‌కు కొత్తేం కాదు. ఇక్కడ కొత్త సంవత్సరానికి పిల్లలు 'ఇరోహా కరుతా' ఆడతారు. ఒకరు సామెత చదువుతారు. దాని మొదటి అక్షరం మూలన రాసి ఉన్న బొమ్మ కార్డును మిగతావాళ్ళు చాప మీద నుంచి తన్నుకుపోవాలి. మా సహోద్యోగి ఇంట్లో ఆడాను. 'ఇ' కార్డు మీద కుక్క బొమ్మ. సామెత ఏమిటంటే, కుక్క ఊరికే తిరిగినా కర్ర దెబ్బ తగులుతుంది. నేను 'ఇద్దరు' అని ఆలోచించేలోపు ఆరేళ్ళ పిల్ల లాక్కుపోయింది. 30 కార్డుల తేడాతో ఓడాను.

కాబట్టి @పలక_బలపం గారూ, ఓనమాలు కార్డులతో నేర్చుకునే దేశం ఒకటి ఉంది, అది ఇదే.

రిటైర్డ్_తెలుగు_మాస్టారు
ఇరోహా అంటే పాత పద్యం కూడా. 47 అక్షరాలు, ఒక్కటీ రెండోసారి రాదు. పూలు పూసినా రాలిపోతాయి, లోకంలో ఎవరు శాశ్వతం అనే అర్థం. నిఘంటువులు కూడా ఒకప్పుడు ఆ వరుసలోనే ఉండేవి. ఇప్పుడు పట్టికలో 46 అంటున్నాం కదా. ఆ పద్యంలో ఉన్న వి, వె అనే రెండూ 1946 సంస్కరణతో మామూలు రాతలోంచి తప్పుకున్నాయి, పద్యంలో లేని 'న్' చేరింది.

మిరపబజ్జీ
వంశీ బ్రో, నీ పేరు అక్కడ ఎలా రాస్తారు?

నగోయా_వంశీ
అడగకూడని ప్రశ్న అడిగావు. బ్యాంకు ఖాతాలో పేరు కతకానాలో ఇవ్వాలి. నాది 'వ-ము-షి' అయింది. ముషి అంటే పురుగు. కౌంటర్‌లో అమ్మాయి పైకి చదివి, పెదవి కొరుక్కుని, తల వంచి స్టాంపు వేసింది.

చిలకపలుకు
మా అక్క పేరు ఉమ. ఉమ అంటే గుర్రం. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు, నాకు జపనీస్ వచ్చని అక్కకు తెలిసిన రోజు చెప్తాను.

తోకలేని_పిట్ట
'నిరు' అంటే ఉడికించడం. నీరు పోసి ఉడికించు. దీనికి కార్డే అక్కర్లేదు.

నగోయా_వంశీ
సీను గారికి అసలు పనికొచ్చే మాట ఒకటి. కతకానా చదవడం సగమే పని. మిగతా సగం అది ఏ ఇంగ్లీషు మాటో కనిపెట్టడం. ఎరుగని వేషంలో వచ్చిన బంధువును గుర్తుపట్టినట్టు. అన్నీ ఇంగ్లీషు కూడా కావు. రొట్టె 'పాన్', అది పోర్చుగీసు నుంచి వచ్చింది. పార్ట్‌టైమ్ పని 'అరుబైతో', అది జర్మన్. పొడుగు గీత, చిన్న త్సు మాత్రం వదిలిపెట్టకండి. పొడుగు గీత మన దీర్ఘం, చిన్న త్సు మన ద్విత్వం. 'బీరు' అంటే బీరు, 'బిరు' అంటే బిల్డింగు. వచ్చిన కొత్తలో హోటల్లో కూర్చుని చల్లటి బిల్డింగు ఒకటి తెమ్మన్నాను.

మిరపబజ్జీ
ఎన్ని అంతస్తులది తెచ్చారు?

శ్రీసిటీ_సీను
ఐదు వారాలైంది, చెప్పి వెళ్దామని వచ్చాను. 'సంపూర్ణం' డెక్కు తీసేశాను. రోజుకు 5, అంతే. జలగలు ఐదింటినీ మళ్ళీ బయటికి తీసి, కామేశం గారు తిట్టుకోకపోతే చెప్తాను, నర్సు చెల్లెమ్మ చెప్పినట్టు పక్కపక్కనే పెట్టాను. మా పాప చేత వీపు మీద రాయించుకున్నాను. దానికి చక్కిలిగింతలు పెట్టడమే ఆట, అయినా షి, త్సు వచ్చేశాయి.

బొమ్మలు మాత్రం పుస్తకంలోవి కాకుండా ప్లాంటులోవి పెట్టుకున్నాను. కతకానా 'రొ' నలుచదరం, మా క్యాంటీన్ రొట్టె ముక్క. 'తొ' గోడకు కొట్టిన కొక్కెం, నా తొడుగు తగిలించేది. 'ని' రెండు అడ్డగీతలు, జపనీస్‌లో రెండును 'ని' అనే అంటారు కాబట్టి దానికి ఏదీ అక్కర్లేదు.

సోమవారం కంప్రెసర్ ఆగింది. డిస్‌ప్లే మీద ఏదో వచ్చింది. 'ఫు', పక్కన పొట్టి 'ఇ', 'రు', 'త', పొడుగు గీత. పొట్టి ఇ నేను చదవనే లేదు. ఫు-ఇ-రు-తా, ఫుయ్‌రుతా, ఫిరుతా... ఫిల్టర్! విప్పి చూస్తే దుమ్ము పట్టి చాపలా ఉంది. ట్రైనీ కుర్రాడు 'సార్, అది ఎలా చదివారు' అన్నాడు. అన్నీ చదవలేను గానీ అది చదివాను అన్నాను.

ఒకటి మాత్రం ఇంకా తేలలేదు. పాత మెషిన్లలో చుక్కల డిస్‌ప్లే ఉంటుంది, అందులో సొ, న్ గీత ఎటు పోతోందో చూద్దామన్నా కనపడదు. నాలుగు చుక్కలు, అంతే.

కార్డుల_కామేశం
తిట్టుకోను. కానీ డిసెంబర్ దాకా షి, త్సు నిలబడతాయో లేదో నాకు చెప్పాలి.

నగోయా_వంశీ
చుక్కల డిస్‌ప్లేలో మాకూ తెలియదు. మాట మొత్తం చూసి ఊహించడమే. 'సెసోసా' అనే పార్టు లోకంలో లేదు కాబట్టి అది సెన్సరే.

మిరపబజ్జీ
ఆ కుర్రాడి పేరు కతకానాలో రాసి ఇచ్చారా సీను గారూ, బహుమతిగా?

శ్రీసిటీ_సీను
రాశాను. వాడి పేరు సంపత్. లాకర్ మీద మార్కర్‌తో రాసి అంటించాను. జపాన్ ఇంజనీరు ఒకాయన అటు వెళ్తూ చదివి, వాణ్ణి 'ససొపాత్' అని పిలిచాడు. సున్నకు గీత పైనుంచి కిందికి లాగేశానట. వాడిప్పుడు ప్లాంటంతా ససొపాతే.